ఒక్కరే తిరిగి రావలసిన గుహ

కుంభినీపురం కోట పడమటి బురుజు మీద నగారా మోగింది. మోగిందంటే అలా ఇలా కాదు. పావురాలు గోపురాలు వదిలి లేచిపోయాయి, గజశాలలో ఏనుగులు గొలుసులు తెంపుకోబోయాయి, చంటిపిల్లలు పాలు వదిలి గుక్కపట్టారు. ఇరవై రెండేళ్ల తరువాత మోగిన నగారా అది. సత్యగుహ తలుపులు తెరుస్తున్నారని దాని అర్థం.

ఏడు ప్రాకారాల నగరం కుంభినీపురం. రాగిరేకులు తాపిన సింహద్వారాలు, వెన్నెల పడితే చెమ్మగిల్లే చంద్రకాంతశిలా సౌధాలు, రేవులో రెక్కలు విప్పిన హంసల్లా మూడు వందల తెరచాపలు. ఇంత చక్కని నగరానికి ఆ పాడు శాసనం ఎలా అంటుకుందో గాని, రాసిన మూలపురుషుడు ఆ రోజు బుర్ర ఇంట్లో పెట్టి సభకు వచ్చి ఉండాలి. శాసనం ఇది. ఫలానావాడు నన్ను చెరిచాడని ఒక ఆడది వేలెత్తి చూపించి, వాడు నేను కాదంటే, ఇద్దరినీ ఒకే గొలుసుతో కట్టి సత్యగుహలోకి పంపాలి. ఒక సంగతికి నిజం ఒక్కటే కనుక బయటికి ఒక్కరే రావాలి. వచ్చినవారిది నిజం. ఇద్దరూ వస్తే ఇద్దరూ అబద్ధీకులు, గుహ వాకిట్లోనే రాళ్లతో కొట్టి చంపాలి. లోపలికి పోయేటప్పుడు ఒక దివిటీ, ఒక కత్తి ఇస్తారు. కత్తి ఒక్కటే.

నూట పదేళ్లలో పద్నాలుగు జంటలు లోపలికి పోయాయి. పదమూడు సార్లు మగవాడే బయటికి వచ్చాడు. "చూశారా, ఆడముండలు ఎంతకైనా తెగిస్తారు!" అని జనం ముక్కున వేలేసుకున్నారే గాని, కండబలం ఉన్నవాడు బయటపడ్డాడన్న ముక్క ఒక్కరికీ తోచలేదు. ఆ తరువాత ఆ నగరంలో ఆడవాళ్లు నోరు విప్పడం మానేశారు. ఇన్నేళ్లకు మళ్లీ విప్పింది వకుళ.

వకుళ తెరచాపలు నేసే పిల్ల. ఇరవై ఏళ్లుంటాయి. నలభై రోజుల కిందట, దీపాలు పెట్టే వేళ, నేతపాకలో ఒంటరిగా ఉండగా ఒకడు లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టాడు. దీపం వెలుతురులో ముఖం స్పష్టంగా చూసింది. గొంతు విన్నది. రెండేళ్లుగా తన దగ్గర తెరచాపలు కొనే పడవ సరంగు బయ్యన ముఖం అది, బయ్యన గొంతు అది. తాను "అన్నా" అని పిలిచే మనిషి. పెనుగులాటలో వాడి ఎడమ చెంప మీద నాలుగు గోళ్లూ దించింది. మరునాడు సభకు వెళ్లి అంతా చెప్పింది.

బయ్యన చెంప మీద చీమ పాకిన గీత కూడా లేదు. "నేను కాదు" అన్నాడు. నలభై రోజులూ ఆ రెండు మాటలే అన్నాడు. సగం ఊరు ఆమెను బొంకులాడి అన్నది, సగం ఊరు అతడేదో ఆకుపసరు పూసి గాయం మాన్పుకున్నాడన్నది. ఇద్దరి ఇళ్ల మీదా పేడముద్దలు పడ్డాయి.

ఆ రేవులో ఇంకో ఆచారం ఉంది. నది మింగినవాడి శవం దొరకదు కనుక, పడవ ఎక్కే ప్రతి మగవాడూ మొదటి రోజునే తేనెమైనంతో తన ముఖానికి అచ్చు తీయించి ఇస్తాడు. మనిషి మునిగిపోతే ఆ మైనపు ముఖానికి కర్మ చేస్తారు. ఆ ముఖాలన్నీ రాజగురువు విమలాచార్యుల వారి అచ్చులశాలలో ఉంటాయి. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. బయ్యన ముఖమూ అక్కడే ఉందని ఊరంతటికీ తెలుసు. కాని ఎవరూ అటువైపు ఆలోచించలేదు.

గుహ వాకిట్లో వకుళ ఎడమ మణికట్టుకూ బయ్యన కుడి మణికట్టుకూ మూడు మూరల ఇనుపగొలుసు వేశారు. కడపటిసారి గుహ నుంచి గెలిచి వచ్చినవాడి చేత తాళం వేయించడం ఆనవాయితీ. ఆ వచ్చినవాడు సత్యతిప్పన. రాజుగారు తొడిగించిన బంగారు కడియం, సభలో పీట, వీధిలో దండాలు. ఆ తిప్పన కొడుకే బయ్యన.

 తిప్పన తాళం వేస్తూ కొడుకు చెవి దగ్గరికి వంగాడు.

"ఒక్కడివే రా నాయనా. లోపల ఏమీ ఆలోచించమాక. అమ్మ పోయింది, నువ్వన్నా మిగలాల."

"నాన్నా, నేను ఏ పాపమూ..."

"తెలుసురా. నాకు తెలియదా? ఒక్కడివే రా."

రాజగురువు గొలుసు తాళంచెవి మొలలో దోపుకుని, దండం ఎత్తి మంత్రం చదివాడు. తలుపులు మూసుకున్నాయి. జనం కొండ చుట్టూ తిరిగి నదీతీరాన ఉన్న రెండో వాకిలి వైపు పరుగులు తీశారు. సాయంకాలపు నగారా మోగేలోపల ఎవరు వస్తారో చూడాలని వాళ్ల ఆత్రం.

లోపల చీకటి. దివిటీ వకుళ చేతిలో ఉంది, కత్తి బయ్యన ఎడమచేతిలో ఉంది. గొలుసు ఎంత సాగితే అంత దూరాన, గోడకు వీపు ఆనించి నిలబడింది వకుళ.

"నడువు ముందు," అంది. "నాకు వెనకాల ఎవరూ ఉండకూడదు."

"కత్తి నా చేతిలో ఉంటే ముందు నడవమంటావా? భయం లేదా?"

"భయమా? ఇంకా ఏం మిగిలిందని?"

మెట్లు పాచిపట్టి ఉన్నాయి. గబ్బిలాలు దివిటీ మీదికి దూకాయి. నలభై మెట్లు దిగేసరికి బయ్యన కోపం కట్ట తెగింది.

"నీకు నేనేం ద్రోహం చేశానే? నా పడవ తగలబెట్టారు. పెళ్లివారు తాంబూలాలు తిప్పి పంపారు. మా అమ్మ తిండి మానేసి తొమ్మిదో రోజు పోయింది. పాడె మొయ్యడానికి నలుగురు రాలేదు తెలుసా? నేనూ మా నాన్నా బండి మీద వేసుకుని పోయాం. నీకు జరిగింది ఒక్క సాయంత్రం. నాకు నలభై రోజులు!"

వకుళ ఆగిపోయింది.

"ఒక్క సాయంత్రమా? అది ఇంకా అయిపోలేదయ్యా నాకు. పొద్దున లేస్తే అదే సాయంత్రం, అన్నం ముందు కూర్చుంటే అదే సాయంత్రం. మగ్గం ముందు కూర్చోలేను, వీపు తలుపు వైపు ఉంటుందని. మా అమ్మ తల దువ్వబోతే అరిచాను, కన్నతల్లిని! మా వదిన కంచం దూరాన పెట్టి తోస్తుంది. దీపాల వేళ ఒంటరిగా నీకేం పని అని అడగని నోరు లేదు ఊళ్లో. నీ అమ్మ పోయిందని ఏడ్చావు, ఏడిస్తే నిన్ను తిట్టినవాళ్లు లేరు. నేను ఏడిస్తే నాటకమన్నారు, ఏడవకపోతే సిగ్గులేదన్నారు."

"నేను కాదే!"

"నీ ముఖమే!"

ఆ అరుపులు గుహంతా తిరిగి వాళ్ల మీదికే వచ్చాయి. సమాధానం చెప్పే వ్యవధి ఎవరికీ లేదు. కాళ్ల కింద రాతిపలక ఒకటి కటకటమంది. పాతాళం లాంటి అగాధం మీద సన్నని రాతివంతెన నడుమ ఉన్నారు వాళ్లు. బయ్యన అవతలికి దూకాడు. వకుళ దూకేలోపు పలక విరిగి పడింది. ఆమె ఒక్కసారిగా చీకట్లోకి జారింది. గొలుసు అంచురాతికి మెలికపడి బిగిసి బయ్యన కుడిభుజం గూడు తప్పినంత పనయింది. నోరు నేలకు కొట్టుకుని నెత్తురు వచ్చింది. దివిటీ ఎగిరి అంచున పడి మిణుకుమిణుకుమంటోంది.

ఎడమచేతిలో కత్తి ఉంది. ఆమె మణికట్టు అడుగు దూరాన వేలాడుతోంది. ఒక్క వేటు. ఆ తరువాత బంగారు కడియం, సభలో పీట, వీధిలో దండాలు.

"కొయ్యి! కోసెయ్యి!" అని గుహ లోపలినుంచి వంద గొంతులు గుసగుసలాడాయి. ఎవరివో తెలియదు.  బయ్యన కత్తి వదిలేశాడు. అది అగాధంలోకి పోయింది, అడుగున పడిన చప్పుడు కూడా వినపడలేదు. రెండు చేతులా గొలుసు పట్టి, లంగరు లాగినట్టు లాగి, ఆమెను అంచు మీదికి ఈడ్చాడు. భుజాలు పట్టి పైకి లాగబోతే ఆమె కెవ్వున అరిచి చేతులు విదిల్చుకుంది. తానే మోచేతుల మీద పాకి పైకి వచ్చింది.

కాసేపు ఇద్దరూ రొప్పుతూ పడి ఉన్నారు.

"ఎందుకు లాగావు?"

"ఏమో. చెయ్యి రాలేదు."

"లాగావు గదా అని నువ్వు కాదనుకోను."

"అనుకోవద్దులే. లే."

దివిటీ ఎత్తితే అంచు మీద ఇంకో గొలుసు కనిపించింది. తుప్పుపట్టిన పాతది. ఒక కొసన కడెం పగిలి ఉంది. రెండో కొసన కడెం మూసే ఉంది, దానిలో చిన్న చేతి ఎముకలు, ఎముకల చుట్టూ శంఖపుగాజు. మణికట్టు దగ్గర ఎముక చెరుకుముక్క కొట్టినట్టు తెగి ఉంది. వకుళ చేత్తో నోరు నొక్కుకుంది. బయ్యన చూపు తిప్పుకున్నాడు.

"పద, పద," అన్నాడు గబగబా.

దారి ఎడమకు తిరిగింది. ఉన్నట్టుండి తేనె వాసన గుప్పుమంది. అడుగు పెట్టిన చోటు గుహ కాదు, మయసభ అన్నా చాలదు. కప్పు నుంచి ఏనుగు తలలంత తేనెపట్లు వేలాడుతున్నాయి. గోడలు పసుపుపచ్చగా నిగనిగలాడుతున్నాయి, నేల మీద పుప్పొడి ఇసుకలా పరచుకుంది. పట్ల మీద పిచ్చుకలంత తేనెటీగలు రెక్కలు ముడిచి నిద్రపోతున్నాయి. గోడల నిండా గూళ్లు, గూటికొక మైనపు ముఖం. పడుచు ముఖాలు, ముసలి ముఖాలు, మీసాలు, మచ్చలు. వెలుతురు పడేసరికి వాటి కనురెప్పలు ఒకటొకటిగా తెరుచుకున్నాయి.

"ఒక్కరే... ఒక్కరే బయటికి..." అని గొణిగాయి.

"ఇవి అచ్చులశాల ముఖాలు," అన్నాడు బయ్యన. "రాజగురువు తాళంలో ఉండాల్సినవి."

వకుళ ఒక గూటి ముందు ఆగింది. అందులో ఉన్నది బయ్యన ముఖం. ఎడమ చెంప మీద మైనం చీరుకుపోయి నాలుగు గాట్లు ఉన్నాయి. ఆమె మెల్లగా చెయ్యెత్తి నాలుగు వేళ్లూ ఆ గాట్లలో పెట్టింది. సరిగ్గా సరిపోయాయి. వేలు తగలగానే ఆ ముఖం బయ్యన గొంతుతో నవ్వింది.

ఆమె కూలబడి వాంతి చేసుకుంది. అతడు దగ్గరికి రాలేదు, గొలుసు బిగియకుండా ఒంగి నిలబడ్డాడు.

"నువ్వు కాదు," అంది చివరికి.

ఈ మాట కోసం నలభై రోజులు దేవుళ్లకు మొక్కాడు బయ్యన. విన్నాక సంతోషం రాలేదు, ఏడుపు వచ్చింది. చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"నువ్వు కాదని తెలిసింది," అంది వకుళ మళ్లీ. "అయినా నిన్ను చూస్తే కడుపులో దేవుతోంది. ఏం చెయ్యను చెప్పు? ఇంక అన్నా అని పిలవలేను. నోరు రాదు."

బయ్యన తలపాగా విప్పి, కళ్లు మాత్రం కనిపించేలా ముఖానికి చుట్టుకున్నాడు.

"ఇప్పుడు?"

"కాస్త నయం."

"నేనూ ఒక మాట చెప్తా విను. నీ తప్పు లేదని తెలిసింది. కాని నన్ను నలుగురిలో చూపించావు, మా అమ్మ పోయింది. ఆ మంట పోలేదు. పోతుందని చెప్పలేను."

"పోనక్కరలేదు. నీది నువ్వు ఉంచుకో, నాది నేను ఉంచుకుంటా. ఎవరిది పెద్దదని ఇక్కడ కూర్చుని కొట్టుకుంటే, చేసినవాడు అక్కడ హాయిగా తాంబూలం నములుతుంటాడు."

ఆమె బయ్యన ముఖాన్ని గూటి నుంచి తీసి కొంగున మూటగట్టింది. అతడు దివిటీ ఎత్తి మిగతా గూళ్లు చూస్తూ పోతున్నాడు. ఒకచోట నిలువునా నిలిచిపోయాడు. పాతికేళ్ల పడుచువాడి ముఖం, కుడి కనుబొమ మధ్యలో చీలిక. ఆ చీలిక మీద ముద్దు పెట్టుకుంటూ పెరిగాడు బయ్యన.

"మా నాన్న!"

అగాధం అంచున చూసిన ఎముకలు ఇద్దరికీ ఒకేసారి గుర్తుకొచ్చాయి. ఇరవై రెండేళ్ల కిందట తిప్పనతో లోపలికి వచ్చిన పిల్ల పేరు పొన్నెమ్మ. ఊరంతా ఆమెను బొంకుల పొన్నెమ్మ అంటుంది. పిల్లలు ఆ పేరుతో పాటలు కట్టి గెంతుతారు.

"నాన్న తప్పు చెయ్యలేదు," అన్నాడు బయ్యన. "ఆ పిల్లా అబద్ధమాడలేదు. అయినా నాన్న కోసేశాడు."

వకుళ కొంగుముడి గట్టిగా బిగించుకుంది.

అతడు తండ్రి ముఖాన్ని గూటి నుంచి లాగి నడుముకు కట్టుకున్నాడు. అంతే, గోడల మీది ముఖాలన్నీ ఒక్కసారిగా పెడబొబ్బలు పెట్టాయి. తేనెటీగలు లేచాయి. ఆ రొద ఉరుమును మించిపోయింది. దివిటీ తిప్పుతూ, పొగలో దగ్గుతూ, గొలుసు ఈడ్చుకుంటూ ఇద్దరూ పరుగెత్తారు. ఒక ఈగ బయ్యన మెడ మీద కుట్టింది, మెడ గుమ్మడికాయంత వాచింది. రెండోది వకుళ భుజాన్ని చీల్చింది. ఎదురుగా నల్లని నీళ్లు, కొండ కడుపులో పారే నదిపాయ. వెనకాముందూ చూడకుండా దూకారు. దివిటీ ఆరిపోయింది. సుడి ఇద్దరినీ గిరగిర తిప్పి, అతడి ముఖానికున్న తలపాగాను లాక్కుపోయింది. గొలుసు ఒక కొండకొమ్ముకు తగులుకుని ఊపిరాడక చచ్చేంతలో బయ్యన మునిగి దాన్ని విడిపించాడు. ఆమె అతడి జుట్టు పట్టి పైకి ఈడ్చింది. ఆ తరువాత ఎర్రని వెలుతురు కనిపించింది. పడమటి ఎండ, నదీతీరం, మనుషుల గోల.

తీరమంతా జనం. మూడు వైపులా రాజభటులు, నాలుగో వైపు నది. ప్రతివాడి చేతిలో రాయి ఉంది, అదీ ఆనవాయితీయే. పట్టపుటేనుగు అంబారీలో మహారాజు శూరకేతు, కింద హోమగుండం ముందు రాజగురువు, పక్కన గౌరవపీట మీద సత్యతిప్పన.

వాకిట్లోంచి బయ్యన తల కనిపించగానే కేకలు మిన్నంటాయి. అతడి పక్కన వకుళ తల కనిపించగానే అన్నీ ఆగిపోయాయి.

"ఇద్దరూ!" అన్నాడెవడో. "ఇద్దరూ బొంకే!"

"మహారాజా, శాసనం తెలుసు గదా," అన్నాడు రాజగురువు, అరటిపండు ఒలిచినంత తేలికగా. "ఆజ్ఞ ఇప్పించండి."

"ఆగండి!" వకుళ కొంగుముడి విప్పి మైనపు ముఖాన్ని పైకెత్తింది. "నన్ను పాడుచేసింది ఈ ముఖం తొడుక్కున్నవాడు! నా గోళ్ల గాట్లు చూడండి! ఇది గుహలో దొరికింది. దీని తాళం ఎవరి దగ్గరుందో అడగండి!"

"ఏదమ్మా, ఇలా తే, చూడనీ," అంటూ రాజగురువు చెయ్యి చాచాడు. భటుడొకడు ఆమె చేతిలోంచి లాక్కుని ఆయనకిచ్చాడు. ఆయన చేయి తడబడిందో, తడబడినట్టు నటించిందో, ముఖం హోమగుండంలో పడింది. నెయ్యి పోసినట్టు భగ్గుమంది. "అయ్యయ్యో," అన్నాడాయన.

జనం రాళ్లెత్తారు. వకుళ కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ మంట ఆరదు, ఆ గాట్లు మళ్లీ రావు. బయ్యన మాత్రం రాజు వైపు చూడలేదు. గొలుసు ఈడ్చుకుంటూ గౌరవపీట దగ్గరికి నడిచి, నడుముకు కట్టుకున్న రెండో ముఖాన్ని తండ్రి ఒళ్లో పెట్టాడు.

"నాన్నా, ఇదీ అక్కడే దొరికింది. ఇప్పుడు నువ్వు చెప్పు. చెప్పకపోతే నేనూ ఈ పిల్లా ఇక్కడే పోతాం."

తిప్పన ఆ పాతికేళ్ల ముఖాన్ని చూశాడు. కనుబొమ మీది చీలికను వేలితో తడిమాడు. ముసలి ముఖం ముడుచుకుపోయింది. లేచి నిలబడి కడియం లాగి ఇసుకలోకి విసిరాడు.

"రాయి వెయ్యాలంటే ముందు నా మీద వెయ్యండిరా! పొన్నెమ్మ బొంకలేదు. నేనూ బొంకలేదు. నా ముఖం తొడుక్కుని ఎవడో పోయాడు, ఆ పిల్ల నన్నే చూశానంది. చూసింది మరి! వంతెన మీద జారితే గొలుసుకు వేలాడింది. నేను చెయ్యి నరికి బయటికి వచ్చాను. వచ్చి ఇరవై రెండేళ్లు దండాలు పెట్టించుకున్నాను."

జనం మధ్యలోంచి ఒక ముసలిది ముందుకొచ్చింది. గురవమ్మ, పొన్నెమ్మ తల్లి. బొంకులదాని తల్లి అని ఆమె బుట్టలో ఆకుకూర కూడా ఎవరూ కొనరు. ఆమె చేతిలోనూ రాయి ఉంది.

"ఆఖరున ఏమందిరా నా బిడ్డ?"

తిప్పన ఆమె ముందు ఇసుకలో చతికిలబడ్డాడు.

"చెప్పరా! ఇన్నేళ్లూ అడగడానికి కూడా నాకు నోరు లేకుండా చేశారు."

"‘చెయ్యి వదలొద్దు, అన్నా’ అంది."

గురవమ్మ నేల మీద కూర్చుండిపోయి, అరవకుండా, ఊగుతూ ఏడ్చింది. రాళ్లు పట్టుకున్నవాళ్లలో చాలామంది తలలు దించుకున్నారు. మహారాజు అంబారీలోంచి వంగి, "ఆచార్యా, అచ్చులశాల తాళంచెవి ఇటివ్వండి," అన్నాడు.

రాజగురువు నవ్వాడు. విమలాచార్యులనే ఆ పెద్దమనిషి అసలు పేరు జంబుకాక్షుడని, ధూమ్రద్వీపం నుంచి పారిపోయి వచ్చిన మాంత్రికుడని కుంభినీపురంలో ఇంకా ఎవరికీ తెలియదు. అతడు కాషాయపు చేతిమడతలోంచి ఇంకో మైనపు ముఖం తీసి తన ముఖానికి అదుముకున్నాడు. హోమగుండం తన్నాడు. బూడిద మేఘంలా లేచింది. బూడిద అణగేసరికి కాషాయం నేల మీద ఉంది, మనిషి లేడు. ఏడు వందల మంది మగవాళ్లలో కలిసిపోయాడు.

అప్పుడు మొదలైంది అసలు ఘోరం.

"వీడే! వీడు నా పక్కన ఇందాక లేడు!" "కాదు, వీడు!" "ఈ తమలపాకులవాడి చూపు చూడండి!" అందరి చేతుల్లోనూ రాళ్లున్నాయి, అందరి వేళ్లూ లేచాయి. తమలపాకులవాడి నుదురు పగిలింది. వాడు చేతులు అడ్డం పెట్టుకుని, "నేను కాదు బాబో! నేను కాదు!" అని మొత్తుకున్నాడు.

ఆ రెండు మాటలూ వకుళకు శూలాల్లా తగిలాయి. పరుగున వెళ్లి తమలపాకులవాడికి అడ్డం నిలబడింది. గొలుసుతో బయ్యనా వచ్చాడు.

"చూపించు తల్లీ!" అని అరిచారు జనం. పొద్దున ఆమెను బొంకులాడి అన్న నోళ్లే అవి. "నువ్వు వేలు చూపించు చాలు, వాణ్ణి ముక్కలు చేస్తాం!"

"చూపించను!" అంది వకుళ. "ముఖం చూసి ఒకసారి చూపించాను. ఈయన తల్లి పోయింది. మళ్లీ ముఖం చూసి చెప్పమంటే చచ్చినా చెప్పను. రాళ్లు కింద పెట్టండి!"

"మరి వాణ్ణి వదిలెయ్యమంటావా?" అన్నాడు మహారాజు.

ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. మరిచిపోవాలని నలభై రోజులు తలబాదుకున్నదాన్ని కావాలని మళ్లీ తలుచుకుంది.

"వాడి చెయ్యి నా నోటి మీద ఉంది మహారాజా. మెత్తని చెయ్యి. చందనం పూసుకునే చెయ్యి, తాడు లాగింది కాదు, మగ్గం నేసింది కాదు. ఈ రేవులో అలాంటి చెయ్యి ఇంకొకటి ఉండదు. ముఖాలకే గదా అచ్చులు తీశారు, అరచేతులకు తియ్యలేదు. అందరినీ వరసలో నిలబెట్టండి. ఒక్కొక్కరి చెయ్యీ పట్టి చూస్తాను."

బయ్యన ఉలిక్కిపడ్డాడు. తల్లి తాకితే అరిచిన పిల్ల, అగాధంలోంచి లాగిన చేతిని విదిల్చిన పిల్ల!

"ఏడు వందల మంది వకుళా. నీవల్ల కాదు. మెత్తగా ఉందో లేదో నేను పట్టి చెప్తాలే."

"నీకెలా తెలుస్తుంది? ఆ చెయ్యి తెలిసింది నాకొక్కదానికే." ఆమె పళ్లు టకటకలాడుతున్నాయి. "నువ్వు పక్కన నిలబడు. నేను పడిపోతే గొలుసు పట్టి లేపు. నన్ను ముట్టుకోకు."

గొలుసు తాళంచెవి మాంత్రికుడితోనే పోయింది, పక్కన నిలబడక అతడికి వేరే దారీ లేదు. భటులు తీరం చుట్టూ ఈటెలు అడ్డం పెట్టారు. ఏడు వందల మంది మగవాళ్లు నది వెంట వరస కట్టారు. రాళ్లు కింద పెట్టమంటే సగం మంది పెట్టారు, సగం మంది వెనక దాచుకున్నారు.

మొదటివాడు ముసలి పడవవాడు. రెండు చేతులూ చాచి, "నీ బిడ్డననుకో తల్లీ," అన్నాడు. వకుళ చెయ్యి చాచి వెనక్కి తీసుకుంది. మళ్లీ చాచింది. ఈసారి పట్టుకుంది. తాళ్ల కాయలు, చీలికలు, చేపల వాసన. ఆమె కన్నీళ్లు ఆ అరచేతిలో పడ్డాయి.

"కాదు," అంది. "తరవాత."

రెండోవాడు కాదు. మూడోవాడు కాదు. పదకొండోవాడి దగ్గర ఒరిగిపోయింది. బయ్యన గొలుసు బిగించి పట్టాడు, ఆమె లేచి నిలబడింది. "తరవాత," అంది.

వరస చివర, సూర్యుడు నీళ్లలో దిగే వైపు, ఒక మనిషి ఎవరూ చూడకుండా తన రెండు అరచేతులనూ గరుకురాతికి వేసి నెత్తురు కారేలా రుద్దుకుంటున్నాడు.